సున్నా

స్టెయిన్‌వోర్ అడిగింది ఒక్క మాటే:
హావీస్.
హావ్ అంటే సముద్రం, ఈస్ అంటే మంచుగడ్డ.
రెండూ అతుక్కుంటే
ఉత్తరం నుంచి తేలి వచ్చి
రేవు నోరు మూసేసే తెల్లని నేల.
ఏ ఏడు వచ్చిందో, ఎన్నాళ్లు కదల్లేదో
పాత రైతుల డైరీల్లోంచి ఏరి పెట్టమంది.

ఈసాఫ్యోర్దుర్ రికార్డుల గదిలో
మూడు వందల నలభై ఎక్స్ఎంఎల్ ఫైళ్లు.
రిటైరైన బడిపంతులమ్మ సాల్వోర్
తొమ్మిది చలికాలాలు కూర్చుని
భూతద్దంతో చదివి టైపు కొట్టిన నకళ్లు.
తేదీకో ట్యాగు, గాలికో ట్యాగు,
చచ్చిన గొర్రెకి కూడా
తెరిచి, మరిచిపోకుండా మూసిన ట్యాగు.

నేను పెర్ల్ వాణ్ని.
ఈ ఊళ్లో ఇంకా పెర్ల్ రాసేది నేనూ,
చేపల వేలంశాలలో తూకాల లెక్క చూసే గ్రీముర్.
మా ఇద్దర్నీ చూసి కుర్రాళ్లు నవ్వుతారు.
నవ్వనీ.
ఆరు వరసలు రాశాను:
ఫైలు తెరువు, వరస చదువు,
మాట ఉంటే చెప్పు, లేకుంటే ముందుకు పో.

కాఫీ చల్లారేలోగా జవాబొచ్చింది.
చుట్టుపక్కల పొలాలన్నిటా హావీస్.
ఔస్మూందుర్ డైరీలో మాత్రం
సున్నా.

"సున్నా ఎలా అవుతుంది?" అంది స్టెయిన్‌వోర్.
"ఇటు పక్కవాళ్లు రాశారు, అటు పక్కవాళ్లు రాశారు.
ఆయన గుమ్మం ముందే కదా సముద్రం."

మొదటి అనుమానం అక్షరం మీద.
ఈ నెత్తిన గీత
ఒక ఫైల్లో అక్షరంతో కలిసి పుట్టింది,
ఇంకో ఫైల్లో విడిగా వచ్చి ఎక్కి కూర్చుంది.
కంటికి రెండూ ఒకటే, పెర్ల్‌కి కావు.
అన్నిటినీ ఒక్క తీరుకి తెచ్చాను.
సున్నా.
పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడొద్దన్నాను.
సున్నా.
విభక్తి మారితే తోక మారుతుంది కదా అని
తోక కోసి వెతికాను.
అదే గుండ్రటి మొహం.

గ్రీముర్‌కి ఫోన్ చేస్తే వేలం మధ్యలో ఉన్నాడు.
"వరసలు పట్టుకుని వెతుకుతున్నావా?
ఎక్స్ఎంఎల్‌కి వరసలేమిట్రా, అది చెట్టు.
కొమ్మ పట్టుకో,"
అని, ఎవరికో కాడ్ చేప ధర అరిచి
పెట్టేశాడు.

సిగ్గేసింది. ఇరవై రెండేళ్ల అనుభవం నాది.
పార్సరు పెట్టి, ట్యాగుల తొక్కలన్నీ ఒలిచి,
లోపలి మాటల్ని ఒక్క దారానికి గుచ్చి
మళ్లీ అడిగాను.

ఒకటి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా తిరిగాను.
మాట అక్కడే ఉంది, రెండు ముక్కలై:
హావ్ తొంభై ఆరో పుట చివర,
ఈస్ తొంభై ఏడో పుట మొదట,
నడుమ సాల్వోర్ నిజాయితీగా పెట్టిన
పుట మారిన గుర్తు.
సముద్రం ఆ పక్క, మంచు ఈ పక్క.

గుర్తు పక్కనే ఆవిడ వ్యాఖ్య ఒకటి,
ప్రోగ్రాములు చదవకుండా దాటేసే చోట:
"ఇక్కడి నుంచి సిరా వేరు. పలచన. మసి కలిపినట్టుంది.
కింద వేసిన తేదీ పదకొండు రోజుల తర్వాతది."

స్టెయిన్‌వోర్ రెండుసార్లు చదివింది.
సముద్రం అని రాసి, లేచాడన్నమాట.
ఎందుకు లేచాడో ఏ ట్యాగులోనూ లేదు.
తలుపు తీసి చూశాడో, గొర్రెల్ని లోపలికి తోలాడో,
పొయ్యిలోకి పడవ పలకలు విరిచాడో.
తిరిగొచ్చి కూర్చునేసరికి
మిగిలిన సగం మాట
కిటికీ దాకా వచ్చి ఉంది.

పట్టికలో సున్నా కొట్టేసి ఒకటి వేసింది ఆమె.
కలం ఎత్తలేదు.
"నిరుడు పంపిన నివేదికలో
ఇలాంటి సున్నాలు పద్నాలుగు," అంది మెల్లగా,
కోటు విప్పి కుర్చీకి తగిలించి.

స్క్రిప్టు మళ్లీ మొదలెట్టాను,
ఈసారి వ్యాఖ్యల్ని కూడా చదవమని చెప్పి.
నెమ్మదిగా పోతోంది.
పోనీ.