టైలరు టేపు

నా కోటు జేబులో, కత్తెర పక్కన
టైలరు టేపు ఉంటుంది.
కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు,
"ఐసీయూలో జాకెట్లు కుడతారా మేడమ్?"

నేను పొగతోటలో చేరిన ఏడాది
మా నర్సింగ్‌హోములో మిషను లేదు.
రాపూరు నుంచి కట్లపాము కరిచిన పిల్లను తెచ్చారు.
రెప్ప ఎత్తే బలం కూడా లేదు దానికి.
ట్యూబు వేసి, రబ్బరు సంచిని
అన్న పెంచలయ్య చేతిలో పెట్టారు డాక్టరు.
పిసుకు. వదులు. పిసుకు. వదులు.
బయట తుఫాను. కరెంటు లేదు.
లాంతరు పట్టుకుని నేను లెక్క చెప్పాను.
రెండో తెల్లవారికి వాడి వేళ్ళు కొంకర్లు పోతే
అన్నం ముద్దలు నేనే కలిపి పెట్టాను.
చెల్లెలికి ఎంత గాలి కావాలో
వాడికెవరూ చెప్పలేదు.
దాని రొమ్ము ఎంత లేస్తే అంత.

తర్వాత మిషన్లొచ్చాయి.
మనిషిని తూకమేసి కిలోకి పది, పన్నెండు
దండిగా కొట్టేవాళ్ళం.
రక్తంలో అంకెలు బాగుంటే చాలు.
కదిలితే మత్తు, దగ్గితే ఇంకాస్త మత్తు.
చప్పుడు లేని వార్డును
మంచి వార్డు అనేవాళ్ళం.
లోపల పలచని బట్ట చిరుగుతుంటే
ఏ అలారమూ మోగలేదు.
ఆ లెక్కలో ఎవరెవరి పేర్లు రాసుకోవాలో
ఇప్పటికీ తెలియదు నాకు.

ఒళ్ళు పెరుగుతుంది, ఊపిరితిత్తి పెరగదు
అంటూ డాక్టరు షాహీన ఈ టేపు ఇచ్చింది.
మడమ నుంచి నడినెత్తి దాకా.
ఆ పొడుగుకు తగ్గ బరువెంతో చూసి, కిలోకి ఆరు.
నూటపది కిలోల రైసుమిల్లు ఓనరైనా
పొట్టివాడైతే పొట్టి ఊపిరే.

ఆ రెండేళ్ళ జబ్బులో
ఐదుగురం కలిసి, ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ
మనుషుల్ని బోర్లా తిప్పాం.
మొహాలు కాదు, వీపులు గుర్తుపట్టేదాన్ని.

ఇప్పుడు తెల్లారగానే మత్తు ఆపుతున్నాం.
నిన్న ఏడో బెడ్డు, కోట దగ్గరి రొయ్యల రైతు,
నోట్లో ట్యూబుతోనే కళ్ళు తెరిచాడు.
పలక ఇచ్చాను.
పెళ్ళాం పేరు రాస్తాడనుకున్నా.
అక్షరం మీద అక్షరం పడుతూ:
"మూడో గుంటలో ఏరేటర్ తిరగతా ఉండాదా?"

ఫోన్ చేసి కనుక్కున్నాను.
తిరగతా ఉండాదంట.

కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి
అరచేత్తో పలక తుడిచి రాశాడు:
"ఎక్కువ వద్దను.
అడుగు బురద లేస్తాది."