చార్ట్ ఇంకా తయారు కాలేదు

చెన్నైలో జూన్ మూడోవారం, సాయంత్రం అయిదున్నర.
పెరంబూరు వైపు నుంచి వచ్చే గాలికి
సముద్రం సంగతి ఇంకా తెలియదు.
సిమెంటు మెట్లు పగలంతా తాగిన ఎండని
ఇప్పుడు మాకు తిరిగిస్తున్నాయి.
పేపరు పరుచుకుని కూర్చున్నాం నలుగురం:
జెరాక్స్ కొట్టు దేవరాజులు,
హాస్టల్ వంటశాల మునెమ్మ,
రిటైరైన టికెట్ కలెక్టర్ వరదయ్య తాత,
నేను.

మా పిల్లలెవరూ ఈ కాలేజీలో చదవడం లేదు.
మమ్మల్ని రమ్మని ఎవరూ పిలవలేదు.
అయినా కొత్తగా వచ్చిన అయిదుగురమ్మాయిలు
బంతిని నేలకు కొట్టిన మొదటి చప్పుడుకి
మా నడుములు నిటారయ్యాయి.

సంతలో ఎద్దుల్ని చూసినట్టే చూస్తాం, దాచడమెందుకు.
పళ్ళు లెక్కపెట్టడం ఒక్కటే తక్కువ.

తాత దగ్గర పాత రిజర్వేషన్ చార్టుల కట్ట ఉంది.
వెనకవైపు తెల్లగా ఉంటుందని దాని మీదే రాస్తాడు
ఎన్నేళ్ళ నుంచో,
రైలు భాషలోనే.

భిలాయ్ నుంచి దామిని సాహు, ఆరడుగుల ఒక అంగుళం.
రింగు కింద ఊరికే నిలబడినా చాలన్నాడు దేవరాజులు.
"కన్ఫర్మ్. కింది బెర్తు."
సేలం పూంగొడి, చూపొకవైపు, పాసొకవైపు.
"కన్ఫర్మ్."
నాగర్‌కోవిల్ జెనిఫా లేవడం బాగానే లేస్తోంది కానీ
దిగేటప్పుడు కుడి మోకాలు లోపలికి వంగుతోంది.
అది నేను చెప్పాను. అది నాకే కనబడుతుంది.
"ఆర్‌ఏసీ" అని రాశాడు తాత, నావైపు చూడకుండా.
నాలుగో పిల్ల పేరు వినబడలేదు,
రెండు రౌండ్లకే ఊపిరి వినబడింది.
"రాత్రి రెండు దోసెలకే లేచిపోయింది,
తినని పిల్ల ఏం పరిగెత్తుతుంది?" అంది మునెమ్మ.
మునెమ్మ లెక్క ఎప్పుడూ కంచం దగ్గరే మొదలవుతుంది,
మా అందరి లెక్కలకన్నా తక్కువసార్లు తప్పింది.

అయిదోది పొట్టి. లోహిత.
ఒక సాక్సు జారిపోయి చీలమండ మీద కూర్చుంది.
బంతి ఎడమచేతిని వదిలి రానంటోంది.
"కుడిచెయ్యి ఇంట్లో మర్చిపోయొచ్చినట్టుంది."
"వెయిటింగ్ లిస్ట్, పదకొండు."
అన్నీ తెలుగులోనే అనుకున్నాం.
ఈ ఊళ్ళో మాకది
తలుపేసుకుని మాట్లాడుకోవడం.

బంతి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకి ఆనుకుంది.
వెనకే ఆ పిల్ల.
"ఇట్టియ్యండక్కా."

నలుగురం నేల చూశాం.

"కుడిచెయ్యి కూడా తెచ్చుకున్నాలే అన్నా,
ఈ వారం దాన్ని కదపొద్దని కోచ్ మేడమ్ చెప్పుండాది.
మాది నగరి.
తాతా, పదకొండంటే ఎక్కనిస్తారా, దించేస్తారా?"

"చార్ట్ ఇంకా తయారు కాలేదమ్మా" అన్నాడు తాత.
ప్లాట్‌ఫాం మీద వేలమందితో
తలెత్తకుండా అన్న మాటే.
ఇప్పుడు గొంతు సవరించుకుని అన్నాడు.

ఆమె పరిగెత్తాక అడిగాను,
పందొమ్మిదేళ్ళ కిందటి కాగితం ఉందా అని.
ఉంది. విప్పబోతే రబ్బరు బ్యాండు తెగింది.
నా పేరు పక్కన ఆర్‌ఏసీ.
సగం సీటు.
తప్పేం రాయలేదు.
రెండేళ్ళు దానిమీదే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను,
ఎవరైనా దిగుతారేమోనని ప్రతి స్టేషన్లో తొంగిచూస్తూ.
మూడో ఏడు బెర్తు దొరికింది.
దొరికిన వారానికి మోకాలే దిగిపోయింది.
తాత కాగితం మడిచాడు
పాత మడతల మీదే.

ఏడున్నరకి వాచ్‌మన్ లైట్లు తీసేశాడు.
చీకట్లో ఎవరో ఇంకా బంతి వేస్తున్నారు.
ఇనుముకి తగిలితే ఒక చప్పుడు,
వలలోంచి జారితే ఇంకోటి.
ఏ చెయ్యో తెలియదు.
మేం లేవలేదు.
దేవరాజులు పైకే లెక్కపెడుతున్నాడు,
ఈసారి జాగ్రత్తగా అరవంలో.

నగరి ఎక్కడుందో తెలిసిన మునెమ్మ
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.