ఎటేపు?

ఆషాఢంలో చీటీ నాకొచ్చింది,
తొమ్మిదివేల మూడొందలు.
శ్రావణం జాకెట్లు మీద పడేలోగా
మిషనుకి మోటారు పెట్టిద్దామని పాడాను.
"ఐదు పెట్టెలూ ఒక వూఫరూ కొందామే" అన్నాడు ముత్యాలు,
పాతికేళ్ళు రైసుమిల్లులో హల్లరు పక్కన నిలబడి
కుడిచెవిని ఆ మిల్లులోనే వదిలేసొచ్చిన మా ఆయన.

మండపేట కలువపువ్వు సెంటర్లో, రహంతుల్లా కొట్లో
అట్టపెట్టెల మీద వాట్లు వేలల్లో ఉన్నాయి.
బరిలోకి దిగకముందు ప్రతి పుంజూ గెలిచేదే కదండీ.
టీవీ కింద పెట్టుకునే పొడుగుపాటి బారొకటి చూపించి
తీగల గోల లేదన్నాడు.
మావాడు వినలేదు, మంచి చెవితో కూడా.
ఒక్కోదాన్నీ పనసకాయలా వేలిమడతతో కొట్టి
ఎడమచెవి ఆనించి
ప్లాస్టిక్కువి పక్కకి తోసేసి
ఎవరో వాడి అమ్మేసిన చెక్కవి ఏరాడు.
ఒకదానికి ముందు గుడ్డ చిరిగింది.
"అది నేను కుట్టుకుంటా, మూడొందలు తగ్గించండి" అన్నాను.
రెండొందలు తగ్గాయి.

అసలు పని ఇంట్లో.
పన్నెండు బై పది గది, పైన సిమెంటు రేకు.
చప్పట్లు కొడితే రేకు తిరిగి తిడుతుంది.
జాకెట్టు పీలికలన్నీ కలిపి బొంత కుట్టి
వెనక గోడకి వేలాడేశాను. తిట్లు కొంచెం తగ్గాయి.
వూఫర్ని నేను బుంగ అంటాను.
మూలన పెడితే గిన్నెల స్టాండు మొత్తం వణికింది.
రహంతుల్లా చెప్పిన కిటుకు ఇదీ:
బుంగని కుర్చీలో కూర్చోబెట్టి మనం నేల మీద పాకాలి,
మోత ఎక్కడ నిండుగా, బురద లేకుండా వినబడితే
అక్కడ దాని చోటు.
యాభైమూడేళ్ళ మనిషి లుంగీ ఎగ్గట్టి
మంచం కింద నుంచి బీరువా దాకా పాకాడు.
కిటికీలోంచి మంగాయమ్మ, "ఏం పారేసుకున్నారు?" అంది.
ఏమని చెప్పను.
చివరికి బియ్యం బస్తా పక్కన కుదిరింది.
బస్తా తరిగేకొద్దీ మోత మారుతుందట.
నెలాఖరుకి తెలుస్తుంది లెండి.

కొలతలకి నా టేపే, అరవై అంగుళాలు.
చాలక కొబ్బరిపీచు తాడు ముడేసి
కుర్చీ నుంచి ఒక్కో పెట్టెకీ లాగాను.
ముందువి రెండూ సమానం,
నడిమిది పీట మీద, మూతి కాస్త పైకెత్తి,
వెనకవి తల కన్నా జానెడు ఎత్తున.
అన్నీ సరిసమానంగా అందే చోటు ఒకటే తేలింది,
ఒక్క కుర్చీ వెడల్పు.
"కూర్చో" అన్నాను.
"నువ్వు కూర్చో" అన్నాడు.

పెన్‌డ్రైవులోంచి వాన పెట్టాడు.
ఉరుమొకటి ఎడమన బయల్దేరి
నా వీపు రాసుకుంటూ కుడికి పోయింది.
మెడ దానంతటదే తిరిగింది.
"ఎటేపు?" అన్నాడు.
వేలు పెట్టి చూపించాను.
"ఇప్పుడో?"
అటు చూపించాను.
ఒంటిచెవికి చప్పుడొస్తుంది గానీ చిరునామా రాదు.
బజార్లో సైకిలు బెల్లు మోగినా
నాలుగు దిక్కులూ చూసే మనిషి.
మరి ఐదు పెట్టెలెందుకని నేనడగలేదు.
నా వేలినే చూస్తున్నాడు
క్రికెట్టులో బంతిని చూసినట్టు.

నేను గుడ్డ కుట్టింది ఎడమ వెనకదానికి.
దాంట్లో చినుకు కొంచెం మెత్తగా పడుతుంది.
నాకే అలా అనిపిస్తుందేమో.

ఎనిమిదింటికి కరెంటు పోయింది.
"ఆపలేదేంటే, ఇంకా మోగుతోంది?" అన్నాడు.
పంటకాలవ గట్టున కప్పలు.
చీకట్లో వేలు కనబడదు గదా,
చెయ్యి పట్టుకుని తిప్పాను:
ఇటేపు ఒకటి. అటేపు మూడు. ఆ వెనకాల చేలో
లెక్కలేదు.
"ఇదెన్ని పెట్టెల సెట్టే?" అన్నాడు.

చీటీకింకా ఏడు వాయిదాలున్నాయి.
మోటారు పైయేడు చూద్దాం.