ఎగుర్ల హాలు

ఈ హాలు చరిత్ర ఎవలన్న రాస్తే
యజమాని పేరుతోటి మొదలువెడ్తరు.
నేను నేలకెల్లి చెప్త.
ఇరవయ్యారేండ్లు దాన్ని నున్నగ చేసినోణ్ణి,
ముఖాల కంటె మడిమెలు నాకు బాగ తెల్సు.

మనామాల, సముద్రం ఒడ్డుకు,
జెయింట్ వీల్ పక్కపొంటి, ఐస్‌క్రీం డబ్బాల వెనుక
రేకుల కప్పు, అర్ధచంద్రం వాకిలి.
బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుండె.
క్యాంపుల మేమంత ఎగుర్ల హాలు అనేటోళ్ళం.

నేనొచ్చేటాలకు నూనె కంపెనీ దొరలు పల్చవడ్డరు.
అయినా గురువారం రాత్రి ఓ పది జంటలు
నూనె వెట్టి దువ్వినట్టు తిరిగిపొయ్యేటోళ్ళు.
వాళ్ళ గుర్తులు సన్నటి వంపులు,
ఇసుకల పాము వోయిన జాడ లెక్క.
గోవా అగ్నేలు సాక్సోఫోన్ ఊదేటోడు,
పాటకు పాటకు నడుమ దాన్ని వంచి
ఎంగిలి దులిపేటోడు, ఎప్పుడు ఒక్క కాడనే.
ఆ చెక్క నల్లవడ్డది.
ఎంత మైనం రుద్దినా తేరుకోలే.

తర్వాత ఫిలిప్పీన్ పిల్లలు.
శుక్రవారం పొద్దుమీకి,
మేడమ్ ఇంట్ల పిల్లగాండ్లను పండవెట్టొచ్చి
వరుసలు కట్టేటోళ్ళు, రబ్బరు బూట్లతోటి.
మరివిక్ అనే పిల్ల ఎడమకాలు ఈడ్చేది.
ఆ గీత ఏ వారం వడలేదో
ఆ వారం ఆమెకు సెలవు దొరకలేదని నాకెరుక.

తొంభై ఒకటిల సైరన్లు మోగినప్పుడు
కిటికీలకు టేపు అతికిచ్చి
పార్కుల ఉన్నోళ్ళందర్ని దీంట్లనే కూసోవెట్టిన్రు.
అరబ్బులు, మలబారోళ్ళు, పఠాన్లు
చెప్పులు ఇడిచి, గోడ గోడకు ఆనుకొని.
ఒక్క గీత వడలే ఆ రాత్రి.
తెల్లారి చూస్తే చెమట మచ్చలు,
మనుషులు లేచిపోయినా మనుషుల తీరుగనే.

ఒక్కసారి మావోళ్ళది గూడ.
సంఘపోళ్ళు మూడు గంటలకు కిరాయి కట్టి
బతుకమ్మ ఆడిన్రు.
తంగేడు యాడ దొరుకుతది?
కాగితం పూలు, మీద కేరళ దుకాణం బంతిపూలు.
వట్టి కాళ్ళు. చప్పట్లు.
పసుపు చెక్కల సందుల్లకు దిగింది.
సూపర్‌వైజర్ తిట్టిండు.
రుద్దినట్టు చేసిన. రుద్దలే.

నేనా? నేనెన్నడు ఆడలే.
ఆడలేదంటె గూడ అబద్ధమైతది.
పాలిష్ మిషనున్నది గదా, యాభై కిలోలు,
పిడి జర లేపితె కుడికి వోతది,
జర దించితె ఎడమకు గుంజుతది.
బిర్రుగ పట్టినోణ్ణి గోడకు కొడ్తది,
ఒదులుగ పట్టుకుంటెనే మాటింటది.
రాత్రి ఒంటిగంటకు, లైట్లు సగం ఆర్పి,
దానితోటి ఆ మూల నుంచి ఈ మూలకు.
అగ్నేలు ఒకపారి చూసిండు.
పెట్టె మూయవోయి ఆగి
రెండు నిమిషాలు ఊదిండు.
ఇప్పటిదాక ఎవలకు చెప్పలే.

ఆఖరుకు జనం మాల్‌లకు మర్రిన్రు.
హాల్ల ఢీకొట్టే కార్లు వెట్టిన్రు,
అవి గూడ తుప్పువట్టినై.
కూలగొట్టే కాంట్రాక్టు వచ్చినప్పుడు
చెక్కలిప్పనీకి నన్నే తోలిన్రు, తెల్సినోణ్ణని.
కింద సిగపిన్నులు, ఇరవై అయిదు ఫిల్సుల బిళ్ళ,
ముత్యం లెక్క కనవడే ప్లాస్టిక్ గుండీ,
కొబ్బరిపీచు మెత్తలు.
గందుకే ఆ నేల ఊపిరి తీసినట్టుండేది.

చెక్కలను తిరగేస్తే పెన్సిల్ రాత.
౧౭. ౧౮. ౧౯.
అవి అంకెలని గూడ నాకు తెల్వలే,
మా బడిల నేర్పలే.
క్యాంటీన్ బంగేరా చూసి, ఇవి మా కన్నడయి అన్నడు.
అకౌంట్స్‌ల ముసలి సోమయాజులు
కండ్లద్దాలు తుడ్సుకొని, కాదయ్యా, తెలుగువి అన్నడు.
చాయ్ సల్లారేదాక కొట్లాడిన్రు ఇద్దరు.

ఏ ఊరి వడ్లాయనో.
దొరలు మొదటి అడుగు వెయ్యకముందే
ఆ హాలంత మోకాళ్ళ మీద తిరిగినోడు,
వరుస తప్పొద్దని గొణుక్కుంట లెక్కవెట్టినోడు.

పందొమ్మిదో చెక్క నా మంచం కిందున్నది.
పసుపు మచ్చ మీదికి,
అంకె కిందికి.