చెదలు తిన్న చీటీలు

వేసవి సెలవుల్లో
కడప కాలేజీ లాబుకి చెదలు పట్టాయి.
మందుల జోలికి పోలేదు,
పేర్లు మాత్రం తినేసి పోయాయి.

బల్ల మీద మూడు సీసాలు, మూడింట్లో తెల్లపొడే.
ఆక్సిజన్ ఉందని తెలుసు,
ఏ వరసన ఉందో తెలీదు.

అటెండరు హుసేనప్ప మొదటి సీసా మూత తీసి
"ఇది సున్నం మేడం, మా యమ్మ ఆకులకు పూసేదే"
అంటూ అరచేయి చాపాడు.
ఆపి, గాజు పలక మీద పొడి పోసి
రెండు చుక్కలు నీళ్లు వేశాను.
పలక చురుక్కుమంది. ఎర్ర లిట్మసు నీలమైంది.
"చెప్తి గదా" అన్నాడు.

మిగతా రెండింటి దగ్గరే పిల్లలు ఏటా బోల్తా పడతారు.
లోహం ఒకటి, ఆక్సిజన్లు రెండు,
ఇక పెరాక్సైడే అని రాసేస్తారు.
ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన
మాటలున్నట్టా?
తగరం ఇంట్లో రెండు ఆక్సిజన్లకీ వేరు పొయ్యిలు.
చెప్పుకునేదేదైనా తగరంతోనే.
పెరాక్సైడ్‌లో అలా కాదు,
అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

సోడా అంగడి నుంచి ఐసు తెప్పించి
పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లార్చాను.
రెండో పొడి అడుగుకి చేరి ఊరుకుంది.
పర్మాంగనేటు చుక్క గులాబీగానే నిలిచింది.

మూడోదాంట్లో చుక్క పడింది, రంగు పోయింది.
ఇంకో చుక్క. అదీ పోయింది.
సన్నటి బుడగలు.
లోహాన్ని వదిలాయి గానీ
ఒకదాన్నొకటి వదల్లేదు,
జంటగానే గాల్లోకి పోయాయి.

హుసేనప్ప బుడగలు చూడలేదు.
అడుగున పేరుకున్న తెల్లటి మడ్డిని
వడపోత కాగితం మీద ఆరబెట్టాడు,
మధ్యాన్నం దాకా కూర్చుని.
తర్వాత కాగితాన్ని చేత్తో తూచాడు.
"ముగ్గురాయి మేడం ఇది."

మంగంపేట గనిలో పదకొండేళ్లు
లారీలకెత్తినోడు. బరువు మరిచిపోడు.
"దీంట్లో గూడా గాలుండాదా?"
ఉంది, నాలుగు.
"మరి మాకెవురికీ ఊపిరాడక పాయనే."

గంధకం పట్టులో ఉన్నది బయటికి రాదని
బోర్డు మీదైతే చెప్పగలను.
ఆయనకి చెప్పలేకపోయాను.

కొత్త చీటీలు రాశాను.
ఆయన మైనం కరిగించి పూశాడు,
ఈసారి చెదలు తినకుండా.
మూడో సీసాకి మాత్రం రెండు పూతలు.