వంతు

బస్సు అన్నెపర్తి కాడ దించేసరికి
మొదటి క్లాసు సగమయితది.
ఫర్హత్ మేడం ఏమనదు.
బోర్డు మీద ఒక చిన్న డబ్బా గీసి
"ప్రాసెసర్ ఒక్కటే, అడిగేటోళ్ళు నలభై మంది.
ఎవరికి ముందు?" అంటది.

అందరు నోట్సు రాసుకుంటుంటే
నాకు సబ్‌స్టేషన్ల ఇనుప కుర్చీ యాదికొస్తది.
అండ్ల నాయిన,
ఒక మోకాలు మీద లాగ్‌బుక్కు,
ఇంకో మోకాలు మీద నేను.

అప్పట్ల త్రీఫేసు ఆరు గంటలే.
పగటికి ఏ గ్రూపు, రాత్రికి బీ గ్రూపు,
వారం తిరిగితే తారుమారు.
ఎల్లమ్మగడ్డ ఫీడరు, మైసమ్మకుంట ఫీడరు,
రాళ్ళవాగు ఫీడరు,
అన్నిటికన్న ఆఖర్న ఎర్రగుట్ట తండా.
గోడ గడియారం చూసి ఒకదాన్ని దించుడు, ఇంకోదాన్ని లేపుడు.
"దీన్ని రౌండ్ రాబిన్ అంటరు" అని మేడం చెప్తుంటే
మా నాయిన కొలువుకు
ఇంత సక్కని పేరుందా అనుకున్న.

నడుస్తున్న పని నడిమిట్ల ఆగుతది.
ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకొని
మళ్ళ వంతొచ్చినప్పుడు ఆడికెల్లే మొదలువెడతది.
కాంటెక్స్ట్ స్విచ్చట.
మా ఊళ్ళె దాన్ని "పొయిందిరో" అంటరు.
మడి సగం తడిసి ఉంటది,
రైతు పార గట్టు మీద గుచ్చి
ఆడనే పంటడు, నీళ్ళు ఆగిన జాగ మర్వకుండ.

డెడ్‌లాక్ చెప్పిన దినం నేను నవ్విన.
స్టార్టరు డబ్బా అన్నది,
పైపులు తమ్మునియి.
నువ్వియ్యి ముందంటే నువ్వియ్యి ముందని
ఎదురుబొదురు కూసున్నరు ముత్తిలింగం అన్నదమ్ములు,
రెండెకరాలు నడుమ ఎండింది.
నాలుగు షరతులు రాయుమంటే
వాళ్ళిద్దర్నీ తలుసుకొని రాసిన.
పదికి పది.

నవ్వు రానిది స్టార్వేషన్ పాఠం.
"తెలుగుల ఏమంటరు?" అన్నది మేడం.
ఆకలి, అన్నడు ఎనక బెంచి సైదులు.
"కాదు. అన్నం ఉంటది, పళ్ళెం ఉంటది,
వంతే రాదు."

ఎనిమిది రాత్రులు.
తండా వంతు రాంగనే లైను ట్రిప్పయ్యేది.
బాగుచేసేసరికి టైము దాటేది.
రాసిన ప్రకారం దాటిన టైము దాటినట్టే.
తొమ్మిదో రాత్రి రూప్లీ వచ్చింది,
చేతిల టార్చిలైటు, కొంగుల ఎండిన వరికంకులు.
తిట్టలే, ఏడ్వలే.
కంచె కాడ కూసుంది, అంతే.
నాయిన లాగ్‌బుక్కు ఎనక్కి తిప్పిండు
ఎనిమిది పేజీలు.

ఆ రాత్రి తండా ఫీడరు
నలభై నిమిషాలు ఎక్కువ నడిచింది.
"బ్రేకరు ఇరుక్కున్నది" అని రాసిండు.
ఆయన చేతిరాతల నేను చూసిన ఒక్కటే అబద్ధం.
మెమో వచ్చింది,
రెండు దినాల కూలి కోసిండ్రు.

ఇయ్యాల పుస్తకంల, పేజీ అడుగున, రెండు లైన్లు:
ఎదురుచూసినకొద్ది
ఆ పనికి ప్రాధాన్యం పెంచుకుంట పోవాలె.
దాని పేరు ఏజింగ్.
పరీక్షకు అంత ముఖ్యం కాదన్నడు సైదులు.

లాబుల షెడ్యూలర్ రాసిన.
అందరివి పీ వన్, పీ టూ.
నావి ఎల్లమ్మగడ్డ, మైసమ్మకుంట, రాళ్ళవాగు.
వంతు తప్పిన ప్రతిసారి ఒకటి కలుపుమని
ఒక్క లైను పెట్టి నడిపిస్తే
స్క్రీను మీద తొమ్మిదో వరుసల
ఎర్రగుట్ట తండా
అందరికన్న ముందుకొచ్చింది.
మేడం శానసేపు చూసింది.
"ఈ పేర్లేందమ్మా?" అని అడగలే.

బస్టాండ్ల నిలబడి ఫోన్ చేసిన.
నాయినా, ఆ రాత్రి నువ్వు చేసింది
తప్పు కాదంట, పుస్తకంల ఉన్నది.

అవుతల ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటుంది.
కొంచెంసేపైనంక అడిగిండు:
"మరి ఆ రెండు దినాల కూలి సంగతి
ఏమన్న రాసిండ్రా బిడ్డా?"