పొగకు నీళ్ళు

కాఫ్యూ ఒడ్డున రాగి కొలిమి.
పొగని ఊరి మీదికి వదిలేముందు కడగాలి.
కింద నుంచి అది ఎక్కుతుంది,
పైనుంచి సున్నపునీళ్ళు దిగుతాయి.
నడుమ ఎక్కడో గంధకం
పొగ చెయ్యి వదిలేస్తుంది.

రాత్రి డ్యూటీలో కటోంగో
గారకట్టిన నాజిల్ని
పాత సైకిలు పుల్లతో పొడుస్తాడు,
పసిబిడ్డ ముక్కు తుడిచినంత ఓపిగ్గా.

ఈ ఏడు బ్వాల్యా
నడుముకు చుట్టే పసుప్పచ్చ చితెంగెని
ఆరుబయట ఆరేసింది.
చిల్లులు పడలేదు.
గుమ్మడి తీగ కూడా
ఆకు మాడకుండా కంచె దాటింది.

"గొట్టం తెల్లబడిందే!" అంది.
"అది ఆవిరి."
"మరి ఆ విషమంతా?"

బూటు విప్పుతున్నవాడు
ఒక కాలితోనే ఆగాడు.
గోడ అవతల బురదగుంట,
వానలింకా మొదలవనేలేదు,
అంచుకి నాలుగు వేళ్ళ దూరం.